గాల్లో ఆడే చదువు

సమాయిల్‌కు చలికాలంలో సుత్తులు పట్టుకుని మనుషులు వస్తారు. ఐరోపా వాళ్ళు, అమెరికా వాళ్ళు, జపాను వాళ్ళు. మస్కట్ నుంచి నిజ్వా పోయే పెద్ద రోడ్డు దిగి, ఎండిన వాదీలో బండి ఆపుకుని, కొండ అంచున చతికిలబడి రాయి కొడతారు. కొట్టిన ముక్కను నాలుకతో తడిపి భూతద్దంలో చూస్తారు. ఇక్కడి పారిశ్రామికవాడలో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ, నా గదిలో వాళ్ళకూ అదొక వినోదం. రాయిని నాకే మనిషిని చూసి నవ్వుకోనివాళ్ళెవరుంటారు?

తర్వాత తెలిసింది. ఆ నల్లరాయి ఒకప్పుడు సముద్రం అడుగు. అడుగంటే ఇసుక, బురద కాదు. వాటి కింద ఉండే అసలు నేల, ఆ నేల కింద కిలోమీటర్ల మందాన ఉండే పొర. సుమారు 9.5 కోట్ల ఏళ్ళ కిందట పుట్టిన ఆ పొర, భూఫలకాల తోపులాటలో లోపలికి జారిపోకుండా అరేబియా మీదికి ఎక్కి కూర్చుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఈ ఊరి పేరే పెట్టారు, సమాయిల్ ఓఫియోలైట్ అని. ఇంత పెద్దది, ఇంత తేటగా బయటికి కనిపించేది ప్రపంచంలో ఇంకొకటి లేదంటారు. మా వీధి చివర ఉండే పెద్దాయన మాత్రం రోజూ దాని మీద మేకలు తోలుకుంటాడు.

చదువు కోసం పరదేశం పోవడమంటే మనకు ఒకటే దిక్కు తెలుసు. హైదరాబాదు నుంచి డల్లాసుకో, విజయవాడ నుంచి లండనుకో. ఇక్కడ ఉండబట్టి నాకు రెండో దిక్కు కూడా కనబడింది. ఒకరు మేకలు తోలే దారిని వెతుక్కుంటూ ఇంకొకరు విమానాలెక్కి రావడం. పోయినేడు మా మేనకోడలి ప్రయాణం సంగతి వచ్చినప్పుడు ఈ ఆలోచన నాకు బాగా పనికొచ్చింది.

మేనకోడలంటే మా చెల్లెలి కూతురు. ఇరవై ఆరేళ్ళు. పన్నెండేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు ఒక స్టూడియోలో పైకప్పు నుంచి వేలాడే గుడ్డ పట్టుకుని ఎక్కడం దిగడం మొదలుపెట్టింది. రెండేళ్ళు దాచుకున్న డబ్బుతో మూడు వారాలు ఐర్లండ్ పోయి ఏరియల్ డాన్స్ నేర్చుకుంటానంది. చెల్లెలు వెంటనే నాకు ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వన్నా చెప్పు దానికి. లక్షలు పోసి తాడు పట్టుకుని యాలాడేదానికి పోతాదంట. మనమేమన్నా దొమ్మరోళ్ళమా?"

చెల్లెలు చెడ్డ మనిషి కాదు. మా వైపు ఆ మాట ఎవరూ ఆలోచించి అనరు. ఆడపిల్ల గట్టిగా నవ్వితే ఆ మాట, చెట్టెక్కితే ఆ మాట, వీధిలో పోట్లాడితే ఆ మాట. మాది జమ్మలమడుగు. పక్కనే మైలవరం మండలంలో దొమ్మర నంద్యాల అని ఊరే ఉంది. ఊరి పేరుగా అది బోర్డు మీద ఉంటుంది, తిట్టుగా నోట్లో ఉంటుంది. ఆ రెంటి నడుమ ఉండాల్సిన ఆట మాత్రం నేను చివరిసారి చూసింది నిక్కర్లు తొడుక్కునే రోజుల్లో.

ఏరియల్ డాన్స్‌ని తెలుగులో ఏమనాలో నాకు తేలలేదు. గగననాట్యం అంటే పౌరాణిక సినిమా పోస్టరులా ఉంటుంది. గాలాట అంటే గలాటాలా వినబడుతుంది. పిల్లలు ఏరియల్ అనే అంటారు, నేనూ అదే అంటాను. ఇది సర్కసు కాదా అని మేనకోడల్ని అడిగితే, "సర్కసులో ఎంత ఎత్తు అని చూస్తారు మామా. ఇందులో ఎంత బరువు అని చూస్తారు" అంది. అప్పటికి అర్థం కాలేదు. కొంత చదివి, బోలెడన్ని వీడియోలు చూశాక అయింది.

1859లో పారిస్‌లో జూల్ లెయొతార్ అనే ఆయన ఒక ట్రపీజు మీంచి ఇంకో ట్రపీజు మీదికి ఎగిరి చూపించాడు. ఒంటికి అతుక్కుపోయే లియోటార్డులకు ఇవాళ్టికీ ఆయన పేరే. అక్కణ్ణుంచి వందేళ్ళకు పైగా గాలి సర్కసు వాళ్ళ సొత్తు. 1970 ఏప్రిల్‌లో న్యూయార్కులో త్రిషా బ్రౌన్ అనే నృత్యదర్శకురాలు ఒక వింత పని చేసింది. ఒక మనిషికి పట్టీలు కట్టి, ఏడంతస్తుల భవనం పైనుంచి గోడ మీదుగా కిందికి నడిపించింది. పల్టీలు లేవు, చేతులు చాచి చిరునవ్వులు లేవు. రోడ్డు మీద నడిచినట్టు మామూలుగా నడవాలి, అంతే. ఆ ప్రదర్శనకు పెట్టిన పేరు కూడా అంత మామూలుదే, 'భవనం పక్కగోడ మీద దిగుతున్న మనిషి' అని. నేలను తొంభై డిగ్రీలు తిప్పేస్తే నడక నాట్యమవుతుందా అని ఆమె అడిగిందన్నమాట.

అదే దశాబ్దంలో కాలిఫోర్నియాలో టెర్రీ సెండ్‌గ్రాఫ్ ట్రపీజును కిందికి దించేసింది. దాని రెండు తాళ్ళనూ పైన ఒకేచోట కలిపి, చేతికందే ఎత్తులో వేలాడదీసింది. ఒకేచోట కట్టడం వల్ల అది ఊగడమే కాకుండా గిరగిరా తిరుగుతుంది. ఆడే మనిషి కాసేపు నేల మీద, కాసేపు గాల్లో. నన్నడిగితే ఏరియల్ డాన్స్ పుట్టింది ఎత్తు తగ్గించిన ఈ చోటనే. ఎత్తు తగ్గితే చూసేవాళ్ళకు భయం తగ్గుతుంది, భయం తగ్గితే ఒంటి కదలిక కనబడుతుంది. ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1988లో కొలరాడోలోని బౌల్డర్‌లో నాన్సీ స్మిత్ 'ఫ్రీక్వెంట్ ఫ్లయర్స్' అనే బృందం పెట్టింది. 1999లో వాళ్ళు మొదలుపెట్టిన ఏరియల్ డాన్స్ ఉత్సవానికి ఎక్కడెక్కడి వాళ్ళో నేర్చుకోవడానికి వస్తారు. 1991లో అమీలియా రుడాల్ఫ్ కొండలెక్కేవాళ్ళ తాళ్ళూ పట్టీలూ తెచ్చి 'బాండలూప్' పెట్టింది. వాళ్ళ వేదికలు భవనాల గోడలు, కొండ చరియలు. ఐర్లండ్‌లో ఈ కళ కోసమే లిమెరిక్‌లో ఒక కేంద్రం ఉంది.

మనవాళ్ళు అసలు వెళ్ళలేదని కాదు. విజయనగరంలో సర్కసు కంపెనీ పెట్టిన కోడి రామ్మూర్తి నాయుడు తన బలప్రదర్శనలతో సముద్రాలు దాటాడు. తలస్సేరి కుర్రాడొకడు కణ్ణన్ బొంబాయో అనే పేరుతో 1930లలో ఐరోపా, అమెరికా సర్కసుల్లో తాడు మీద గెంతులేసి పేరు తెచ్చుకున్నాడు. కానీ వాళ్ళు చూపించడానికి వెళ్ళారు. ఇప్పుడు మన పిల్లలు ఫీజు కట్టి నేర్చుకోవడానికి వెళ్తున్నారు. మధ్యలో ఏం జరిగిందన్నది ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

మేనకోడలు మొదటి వారం పంపిన కబుర్లన్నీ దిగడం గురించే. ఎక్కడం బెంగుళూరులోనే వచ్చేసిందట. అక్కడ మొదటి మూడు రోజులూ అలిసిపోయిన చేతులతో, భయపడిన బుర్రతో, ముడి తప్పిన కాలితో ఎలా దిగాలో చేయించారట. సిల్క్స్ అని పిలిచే ఆ పొడుగాటి గుడ్డ పట్టు కాదు, ఎక్కువగా నైలాను. పట్టుచీర కట్టుకుని ఎక్కుతుందేమోనని చెల్లెలు అడిగిందంటే నవ్వకండి, ఆ పేరు పెట్టినవాళ్ళదే తప్పు. ఆ గుడ్డను పాదానికి ఒక పద్ధతిలో చుట్టి తొక్కితే మెట్టులా నిలబడుతుంది. నడుముకు ఒక పద్ధతిలో చుడితే రెండు చేతులూ వదిలేసినా మనిషి ఆగుతుంది. మనిషి గుడ్డను పట్టుకోవడం మొదటి నెల చదువు, గుడ్డ మనిషిని పట్టుకోవడం మిగతా జీవితమంతా చదువు అని వాళ్ళ టీచరు అందట. మోకాలి వెనక, చంక కింద గుడ్డ ఒరుసుకుని కమిలిపోతుంది. ఆ ఫొటోలు మా చెల్లెలికి పంపొద్దని నేనే చెప్పాను.

ఒక రోజంతా ఎవర్నీ ఎక్కనివ్వలేదట. పైకప్పుకు ఉన్న కొక్కెం గురించే పాఠం. యాభై కిలోల మనిషి ఊరికే వేలాడితే దాని మీద పడేది యాభై కిలోలు. అదే మనిషి పైనుంచి సర్రున జారి ఠక్కున ఆగితే పడేది దానికి ఎన్నో రెట్లు. అందుకని ఎంత బరువు మోయాలో దానికి పదింతలు ఓర్చుకునేట్టు కడతారట. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఎవరు చూశారు అని గోడకు ఒక పుస్తకం వేలాడుతుందట. నాకు ఆ పుస్తకం నచ్చింది. లెక్కలు రాసేవాణ్ణి కదా.

రెండో వారం చివర ఒక సాయంత్రం ఎవరి దేశంలో ఉన్నది వాళ్ళు చూపించాలి. మేనకోడలు తరంగం చేసింది, ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, తలమీద చెంబుతో. అందరూ లేచి చప్పట్లు కొట్టారట. అప్పుడు టీచరు అడిగింది: "ఇది బ్రహ్మాండం. మీ దగ్గర తాడు మీద ఆడేది ఏమన్నా ఉందా?" మల్లఖంబ్ గురించి చెప్పింది. 12వ శతాబ్దపు 'మానసోల్లాసం'లో దాని ప్రస్తావన ఉంది, పీష్వా రెండో బాజీరావు కాలంలో బాలంభట్ట దేవధర్ దాన్ని మళ్ళీ నిలబెట్టాడు, కర్ర స్తంభం మీదే కాక తాడు మీద కూడా చేస్తారు, 2013లో మధ్యప్రదేశ్ దాన్ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. అంతా విని టీచరు, "అది మరాఠీ వాళ్ళది కదా, మీ భాష వాళ్ళది?" అంది. ఆ రాత్రి నాకు ఫోన్.

"మామా, మనకేమన్నా ఉందా?"

ఉంది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళమ్మ నోటి నుంచి ఆ పిల్ల ఎన్నిసార్లు ఆ మాట విని ఉంటుందో నాకు తెలుసు. ముందు వేరే సంగతి పంపాను. అది జులై. సమాయిల్ తోటల్లో ఖర్జూరం కోతలు. ఇక్కడ చెట్టెక్కేవాళ్ళు హాబూల్ అనే తాడు వాడతారు. ఖర్జూర నారతో పేనింది, నడుము వెనక ఆనే చోట వెడల్పాటి పట్టీలా అల్లింది. దాన్ని చెట్టు చుట్టూ, తమ చుట్టూ తిప్పి ముడేసుకుంటారు. వెనక్కి వాలితే బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. వదులైన ఆ రెప్పపాటులో తాడును జానెడు పైకి ఎగరేసి, ఒక అడుగు. ఎక్కేది ఒమానీ పెద్దాయన కావచ్చు, కానీ ఎక్కువగా బంగ్లాదేశ్ కుర్రాళ్ళు. మా పక్క తోటలో ఫలజ్ కాలువ గట్టున నిలబడి నేను ఒక కుర్రాణ్ణి వీడియో తీసి పంపాను. పైకి పోయాక రెండు చేతులూ వదిలేసి, తాడు మీద వెనక్కి వాలి, గెల కోస్తాడు. ఐర్లండ్‌లో ఆ నలభై సెకన్ల వీడియోను తిప్పి తిప్పి చూశారట. వెనక్కి వాలడం తమ విద్యార్థులకు నేర్పడానికి నెలలు పడుతుందని టీచరు అంది. ఆ కుర్రాడికి చెబితే, "కింద పడితే ఎవరూ నేర్పక్కర్లేదు" అన్నాడు హిందీలో, పని ఆపకుండా.

మన గీతకార్మికుల మోకు కూడా ఇదే లెక్క. ఈత, తాటి చెట్లెక్కి జారి పడి చచ్చిపోయినవాళ్ళు, నడుములు విరిగి మంచానపడ్డవాళ్ళు లేని గౌడవాడ ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో వాళ్ళకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్ళు వాడే తరహా తాళ్ళూ పట్టీలూ. అమీలియా రుడాల్ఫ్ కొండ నుంచి నాట్యానికి తెచ్చిన సామాను, ముప్ఫై ఏళ్ళు దాటాక మన తాటిచెట్టు దగ్గరికి చేరింది.

మరుసటి రోజు దొమ్మరాట గురించి చెప్పాను. నాకు గుర్తున్నంత. ఊరి నడుమ నాటిన పొడుగాటి గడ, దానికి నాలుగు దిక్కులా కట్టిన మోకులు, డోలు, చీర గోచీ పోసి కట్టిన ఒక ఆడమనిషి. ఆమె ఎక్కుతుంటే గడ వంగేది. కొసన బోర్లా పడుకుని పొట్ట మీద తిరిగేది. మా అవ్వ ఇంట్లోంచి చేటలో బియ్యం, పసుపు తెచ్చేది. ఆమె గడ మీంచి ఊరిని దీవిస్తే వానలు పడతాయని అవ్వ నమ్మకం. దీవెన అయ్యాక అదే అవ్వ ఆమెను గడప తొక్కనిచ్చేది కాదు. ఈ రెండూ ఒకే మధ్యాహ్నం జరిగేవి.

పుస్తకాల్లో దీనికి పాత ఊరే ఉంది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో శ్రీశైలం శివరాత్రికి చేరిన రకరకాల ఆటవాళ్ళను వర్ణిస్తూ దొమ్మరులను మరిచిపోలేదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి జానపద కళారూపాల పుస్తకంలో దొమ్మరాటలు ఉన్నాయి. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లో వీళ్ళ గడ ఆటలతో పాటు కొయ్య దువ్వెనలు చేసి అమ్ముకోవడం కూడా రాసి ఉంది. తెల్లవాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం తర్వాత మద్రాసు రాజధానికీ వచ్చింది. ఊరూరూ తిరిగే వాళ్ళంటేనే పోలీసులకు అనుమానం కాబట్టి దొమ్మరులలోనూ కొందరి పేర్లు ఆ చిట్టాకెక్కాయి. ఆటగాడు తిరగకపోతే ఆట లేదు, తిరిగితే దొంగ. 1952లో ఆ చట్టం రద్దయింది. తిట్టు రద్దు కాలేదు. చివరికి తమ కులం పేరే మార్చమని వాళ్ళు ప్రభుత్వాలను అడిగే దాకా వచ్చింది.

ఇదంతా విని మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే మామా, అమ్మ తిట్టింది నిజమేగా. నేను చేస్తున్నది అదేగా" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఫోన్లో తెలియలేదు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నే నన్ను ఇరకాటంలో పెట్టింది. "వాళ్ళలో ఎవరైనా నీకు తెలుసా?"

తెలుసు. శుక్రవారం సాయంత్రాలు ఇక్కడి మలయాళీ కిరాణా కొట్టు దగ్గర కనబడే ఒకామె. మా జిల్లా మనిషి. ఎన్నో ఏళ్ళుగా ఒక ఇంట్లో ఖద్దామా పని. ఏ ఊరో, ఏ ఇల్లో రాయను. రెండేళ్ళ కిందట ఎవరో పిల్లలు తాడాట ఆడుతుంటే చూసి, "మా జేజి గడెక్కేది అన్నా" అంది. అని, నాలుక కరుచుకుని, "ఈ మాట ఎవురితోనూ అనొద్దు సామీ. ఈడ మనోళ్ళకు నేను వేరే కులమని చెప్పుకున్న్యా" అంది. సముద్రం దాటి వచ్చినా మనవాళ్ళు గదిలో చేరిన కొత్త మనిషిని రెండో రోజే అడిగేది అదే కదా.

ఆమెను అడగాలా వద్దా అని తన్నుకులాడాను. చివరికి అడిగాను. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదని ముందే చెప్పాను. ఆమె సంచీలో ఉల్లిగడ్డలు సర్దుకుంటూ, "ఆ పాప ఎవురికీ చెప్పదు గదా" అంది. చెప్పదన్నాను. వచ్చే శుక్రవారం కొట్టు వెనక వేపచెట్టు కింద, నా ఫోన్లో, ముగ్గురం.

మొదట ఆమే అడిగింది. "నువ్వు పడితే ఎవురు పట్టుకుంటారు పాపా?" మేనకోడలు ఫోను కిందికి తిప్పి మోచేతి మందాన ఉన్న పరుపు చూపించింది. "పరుపా!" అని ఆమె నోరు నొక్కుకుంది. "దుడ్లు ఎవురిస్తారు?" అంది తర్వాత. "మేమే కడతామక్కా" అంది మేనకోడలు. ఆమె ఎంత నవ్విందంటే కొట్టు లోంచి మలయాళీ ఆయన తొంగి చూశాడు. ఎక్కేవాళ్ళే దుడ్లిచ్చే ఆట ఆమె ఎక్కడా వినలేదు.

ఆమె ఎప్పుడూ గడ ఎక్కలేదు. కానీ ఇంట్లో విన్నది చాలా ఉంది. గడను నిలబెట్టే మోకులు బయటివాళ్ళ చేతికివ్వరు, అన్నదమ్ములో మొగుడో పట్టాలి. పొద్దున్నుంచి ఇంట్లో పోట్లాట జరిగి ఉంటే ఆ రోజు గడ నాటరు. మేనకోడలు కొక్కెం పుస్తకం సంగతి చెబితే, "మాకు పుస్తకం లేదు. అలిగినోడు మోకు పట్టగూడదు, అంతే" అంది. డోలు గురించి చెప్పింది నాకూ కొత్తే. "డోలు జనం కోసరం అనుకుంటారు. కాదు. పైనున్న మనిషి కిందికి చూడగూడదు. కింద మోకు సరిగా ఉండాదో లేదో డోలు చెప్తాది. దెబ్బ మారితే యాడున్న్యది ఆడ ఆగిపోవాల." మేనకోడలు ఆ ముక్క రెండుసార్లు చెప్పించుకుంది. తను ఆడేది ఫోన్లో పెట్టిన పాటకు. చెయ్యి జారినా, ఊపిరి అందకపోయినా ఆ పాట ఆగదు.

"మీ జేజి ఎప్పుడన్నా పడిందా అక్కా?"

పడిందట. వాన తుంపరలో గడ తడిసి ఉన్న రోజు. నడుము పోయింది. తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది, మంచంలోనే దువ్వెనలు నూరుతూ. వాళ్ళమ్మను మళ్ళీ గడ దగ్గరికి పోనివ్వలేదు. ఈమెను తాడే ముట్టుకోనివ్వలేదు, బడికి పంపారు. బడిలో ఒకడు రోజూ ఆ పేరు పెట్టి పిలిచేవాడు. ఏడో తరగతితో మానేసింది. ఇవన్నీ ఆమె బస్సు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది.

కాబట్టి ఆ ఆటను ఉన్నదున్నట్టు వెనక్కి తేవాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆరేళ్ళ పిల్లను పరుపు లేకుండా తాడెక్కించి, కింద పళ్ళెం తిప్పే ఆట ఇప్పటికీ సంతల్లో అక్కడక్కడా కనబడుతుంది. అది చూసి కళ అని మురిసిపోయేవాళ్ళ మీద నాకు కోపం. కానీ అలిగినవాడు మోకు పట్టకూడదన్న తెలివి, డోలుతో కింది నుంచి పై మనిషిని కాపాడే పద్ధతి ఆ కుటుంబాలతో పాటే ఎందుకు పోవాలి? పరుపులు, కొక్కేలు, పదింతల బరువు లెక్కలు అక్కణ్ణుంచి మనకు రావాలి. ఇక్కణ్ణుంచి పోవాల్సినవీ ఉన్నాయి. ఇచ్చిపుచ్చుకోవడం అన్నాక ఇచ్చేది కూడా ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

మూడో వారం చివరి ప్రదర్శనకు మేనకోడలు నాలుగు నిమిషాల అంశం తయారు చేసింది. గుడ్డ వదిలేసి, పురి పెట్టిన నూలు తాడు తీసుకుంది, అదీ ఎక్కువ ఎత్తు లేకుండా. పాట తీసేసింది. ఐర్లండ్ వాళ్ళకు బౌరాన్ అని మన కంజిరలాంటి పెద్ద వాయిద్యం ఒకటుంది. అది వాయించే కుర్రాణ్ణి తాడు కిందే కూర్చోబెట్టింది. తను కిందికి చూడదు. అతను దెబ్బ మారిస్తే, ఎక్కడున్నా, ఎలా ఉన్నా ఆగిపోవాలి. ఎప్పుడు మారుస్తాడో ముందుగా చెప్పుకోలేదు. వీడియో చూశాను. రెండుసార్లు మారింది. రెండోసారి ఆమె తలకిందులుగా, ఒక చెయ్యి తాడుకు అందీ అందకుండా ఉంది. అలాగే ఆగిపోయింది. ఎంతసేపో లెక్కపెట్టలేదు గానీ నేను ఊపిరి బిగపట్టాను.

ప్రదర్శన ముందు రోజు కరపత్రంలో ఏం రాయాలన్న గొడవ వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకున్నదో రాయకపోతే అది దొంగతనమని మేనకోడలి పట్టుదల. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చానని నా భయం. ఆమెనే అడిగాం. "నా పేరొద్దు. జేజి పేరూ వొద్దు, ఊరూ వొద్దు" అంది. కాసేపాగి, "గడసాని అని రాయమను. అది పని పేరు" అంది. నిఘంటువుల్లో ఉన్న మాటే. సాని అంటే స్వామిని, ఇంటి యజమానురాలు, దొరసానిలో ఉన్న సాని. ఆ మాటను మనం తర్వాత ఎక్కడికి దించామో అందరికీ తెలిసిందే. గడ మీద మాత్రం అది దిగకుండా మిగిలిపోయింది. కరపత్రంలో ఆంగ్ల అక్షరాల్లో అదే పడింది. చెల్లెలికి ఆ కాగితం ఫొటో వెళ్ళింది. ఏమీ అనలేదు. వీడియో మాత్రం మళ్ళీ పంపమని అడిగింది, మొదటిది సరిగా తెరుచుకోలేదట.

మేనకోడలు తిరిగొచ్చాక ఆమెకు డబ్బు పంపింది. తను అక్కడ ఒక తరగతికి ఎంత కట్టిందో సరిగ్గా అంత. నేను రియాళ్ళలోకి మార్చి కొట్టు దగ్గర ఇచ్చాను. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "దానం వొద్దన్నా." ఇది దానం కాదు, ఫీజు అన్నాను. నేర్పినందుకు. ఆ మాటకు కాస్త ఆలోచించి నోట్లు లెక్కపెట్టుకుంది, రెండుసార్లు. కొంగున ముడేసుకుంటూ, అడగాల్సినవి ఇంకా ఏమన్నా ఉంటే వచ్చే శుక్రవారం నాలుగింటికి ఫోన్లోకి రమ్మను, గడ ఎట్లా పాతాలనేది అసలు చెప్పనే లేదు గదా అంది.